మామ గొంతు దొరికిన ఛానెల్

పోయిన వారం అలిపిరి దగ్గర మా ఆటో పక్కనుంచి ఫైరింజన్ సైరన్ మోగించుకుంటూ పోయింది. ఆటోడ్రైవరుతో సహా అందరం తలలు తిప్పి చూశాం, మా మామ తప్ప. ముప్పై ఏళ్లు ఆ బండే తోలిన మనిషి, ఒళ్లో చేతిసంచి సర్దుకుంటూ కూర్చున్నాడు.

ఒకప్పుడు ఆయన నోటికి తాళం వేయడం ఎవరి తరమూ అయ్యేది కాదు. పాకాలలో మా ఇంట్లో, డ్యూటీ దిగి వచ్చి, చారన్నం కలుపుతూ మొదలుపెట్టేవాడు. గడ్డివాము కాలినా, మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో పొగ లేచినా కథ ఒకటే. ఆఫీసరు దిక్కుతోచక నిలబడడం, మామ సలహా చెప్పడం, మంట ఆరిపోవడం. మంట ఆరాక కూడా కథ ఇంకో అరగంట నడిచేది.

ఆ రోజుల్లో మా మరిదికి రేడియో పిచ్చి పట్టుకుంది. లాప్‌టాప్‌కి బొటనవేలంత పరికరం తగిలించి, మిద్దె మీద తీగ కట్టి, గాల్లో పోయే మాటలన్నీ పట్టేవాడు. చిరుత కాలిబాట దాటిందని వినిపిస్తే అది అటవీశాఖ, గార్డు, సిగ్నలు అంటే రైల్వే. ఫైరువాళ్ల ఛానెల్ ఒక్కటే దొరకలేదు. చివరికి ఒక ఉపాయం కనిపెట్టాడు. మామ రాగానే, "నాయనా, ఈ పొద్దు బండి ఎన్నింటికి బయల్దేరినాది?" అని అడిగి, సరిగ్గా ఆ సమయానికి ఏ ఛానెల్లో మాటలు రికార్డయ్యాయో చూసుకునేవాడు. కొడుకు ఇన్నాళ్లకు తన ఉద్యోగం గురించి అడుగుతున్నాడని మామ పొంగిపోయాడు. నిమిషాలతో సహా చెప్పేవాడు. పొరపాటు చెప్పానని తోస్తే మళ్లీ పిలిచి దిద్దేవాడు.

ఒక ఛానెల్ మామ చెప్పిన టైములతో వరసగా సరిపోతూ వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం మామ డ్యూటీలో ఉండగా అత్త అలసంద వడలు వేసి, "మా ఇంటాయన గొంతు రేడియోలో వస్తాదంట, రా" అని పక్కింటావిడను కూడా పిలిచింది.

కాసేపటికి నిజంగానే వచ్చింది. చెరుకు పిప్పి కుప్ప అంటుకుందట, మామ బండిని వేరే దారిలోకి తిప్పాడట. జీపులో ముందే చేరుకున్న కుర్ర ఆఫీసరు అరుస్తున్నాడు. "ముసలోడా, కండ్లు కనపడవా నీకు? నోరు మూసుకోని బండి తిప్పు!" మామ గొంతు మేమెన్నడూ విననంత సన్నగా పలికింది. "తప్పయిపోయినాది సార్. కాళ్లు పట్టుకుంటా, పైకి రాయొద్దండి సార్."

మరిది ఆపబోయాడు. "ఉండనీరా" అంది అత్త. చివరిదాకా వింది. పక్కింటావిడ వడ నములుతూనే ఉంది.

ఆ సాయంత్రం మామ కథ ఎత్తుకున్నాడు. దారి తెలియనిది ఆఫీసరుకట, చూపించింది తనట. పక్కింటావిడ గడప దగ్గర నిలబడి, "ఆఫీసరు ఏం చెప్పినాడన్నా?" అని అడిగింది.

"ఏం చెప్తాడమ్మా, నువ్వుండబట్టి సరిపోయినాది పెద్దాయనా అన్నాడు."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అదే అలవాటైపోయింది. మధ్యాహ్నం ఆడవాళ్లిద్దరూ వినడం, సాయంత్రం ఆయన చేత చెప్పించుకోవడం. అంత పాపిష్టి కాలక్షేపం నేనెక్కడా చూడలేదు.

ఒకరోజు కూరలో ఉప్పు లేదని మామ కసిరాడు. అత్త గరిటె కింద పెట్టి తాపీగా అంది. "నా మీద ఎగరతావు గానీ, ఆ పిల్లోడి కాళ్లు పట్టుకుంటానంటివే, ఆడ యాడికి పోయినాది ఈ నోరు? మేమంతా ఇన్నాము."

మామ మరిది వైపు చూశాడు. "అందుకా రా, టైము అడిగినావు?"

మామ చెయ్యి కడుక్కుని లేచాడు.

తర్వాత మిద్దె మీద తీగ పోయింది, పక్కింటావిడ రాకడ పోయింది, ఉద్యోగమూ అయిపోయింది. కొన్నాళ్లు పోతే అన్నీ సర్దుకుంటాయని అత్త అంటూ ఉండేది. కొన్నాళ్లేం ఖర్మ, ఏళ్లే పోయాయి. ఆయన మాత్రం మా ముందు ఇప్పటికీ అన్నం ముద్దకే నోరు తెరుస్తున్నాడు.