కడిగితే పోయే రంగు

మా పెరట్లో పిట్టలు చచ్చింది పక్కింటి ఖాలా పెట్టిన ఎలుకల మందు వల్లేనని మా గల్లీలో ఇప్పటికీ చెబుతారు. కొత్తగా కిరాయికి దిగినవాళ్లకు కూడా ఎవరో ఒకరు ఆ కథ అందిస్తారు. అది అబద్ధం. అబద్ధమని నాకంటే గట్టిగా ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే దాన్ని మొదట పుట్టించింది నేనే. ఇప్పుడు నేనే కాదంటుంటే, "నీ మనసు మంచిదమ్మా, ఆమెను ఎనకేసుకొస్తున్నవు" అని నన్ను మెచ్చుకుంటున్నారు. నా నోటికి జంకే గల్లీ ఇది. ఈ ఒక్క విషయంలో మాత్రం నా మాట ఎవరికీ అక్కర్లేదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో జరిగింది. మోకాళ్లు అరిగి పొలం గట్ల మీద నడవలేక అత్తమ్మ ఊరి నుంచి కోస్గిలోని మా ఇంటికి వచ్చేసింది. వానలు తగ్గి, బతుకమ్మ పండగ దాటి, పొద్దుటి ఎండ మెత్తగా తగిలే రోజులు. ఊరి నుంచి వస్తూ ఆమె ఓ సజ్జ కంకుల కట్ట తెచ్చుకుంది. దాన్ని జామచెట్టు కొమ్మకు కట్టింది. పాత ఉట్టి ఒకటి వెతికి తీసి, అందులో అంచు విరిగిన మూకుడు పెట్టి, గింజలు పోసి పక్క కొమ్మకు వేలాడదీసింది. ఇక పొద్దున్నే పీట వేసుకుని దాని ముందు కూర్చునేది. నేను చాయ్ గ్లాసుతో ఆమె వెనక నిలబడేదాన్ని.

పిచ్చుకలు ముందు వచ్చేవి. తినేదానికంటే కింద పోసేది ఎక్కువ. ఆ రాలిన గింజల కోసం గువ్వలు, ఏదో పెళ్లిలో ఆలస్యంగా పంక్తికి కూర్చున్న పెద్దమనుషుల్లాగా, నింపాదిగా నడుచుకుంటూ వచ్చేవి. గోరింకలకు గింజల మీద పెద్ద ఆసక్తి లేదు, వచ్చి అందరినీ తిట్టి పోయేవి. అత్తమ్మ పేచీ అంతా ఉడుతతోనే. అది ఉట్టి తాడు మీదుగా దిగి, వెనక కాళ్లతో తాడు పట్టుకుని తలకిందులుగా వేలాడుతూ మూకుడు ఖాళీ చేసేది.

"ఓ మూడు గీతల దొంగా, ఇది నీ అయ్య జాగీరా? పిట్టలను తిననియ్యవా?"

"పిల్లల తల్లేమో అత్తమ్మా, తిననియ్యి."

"పిల్లల తల్లయితే? నేను నలుగురిని కన్న. ఎన్నడన్న గిట్ల తలకిందులు ఏలాడిన్నా?"

నేను జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. ఓ రోజు పాఠం చెప్పే అలవాటు కొద్దీ ఉడుత శాస్త్రీయనామం ఆమెకు చెప్పబోయాను. "దాని పేరు ఏదైతే నాకేంది పిల్లా, దాని బుద్ధి చెప్పు" అంది.

గోడ అవతల ఖాలా. ముస్లిం ఆమె, ఉర్దూలో పిన్ని అని గల్లీలో అందరూ అలాగే పిలిచేవారు. ఒంటరి మనిషి, కిరాయి ఇల్లు, మిషన్ మీద జాకెట్లు కుట్టి బతికేది. రాత్రి మిగిలిన రొట్టె నానబెట్టి గోడ మీద పెట్టేది. ఉడుత మా దగ్గర తిని, ఆమె మిషన్ కింద పడ్డ గుడ్డపీలికలు ఎత్తుకుపోయి గూట్లో పరుచుకునేది. "మీ దిక్కు తింటది, మా దిక్కు పరుపు కొట్టిచ్చుకుంటది" అని ఖాలా నవ్వేది. ఇద్దరూ గోడకు అటూ ఇటూ కూర్చుని గంటలు గంటలు మాట్లాడుకునేవారు. ఇవతల నేను పేపర్లు దిద్దుకుంటూ వినేదాన్ని.

యాసంగి జొన్న విత్తిన వారం అది. ఒక పొద్దున జామచెట్టు కింద పిచ్చుకలు పడి ఉన్నాయి. ఒక గువ్వ ఈకలన్నీ ఉబ్బించుకుని కళ్లు మూస్తూ తెరుస్తూ కూర్చుంది. దగ్గరికి పోయినా ఎగరలేదు. ఉడుత గోడ మీద బోర్లా పరుచుకుపోయి ఉంది. కాళ్లు వణుకుతున్నాయి. నేను చూస్తుండగానే అవతలికి జారిపోయింది. అత్తమ్మ పీట మీద కూర్చుని ఉంది.

రెండు రోజుల ముందే ఖాలా, కుట్టడానికి ఇచ్చిన కొత్త బట్టను ఎలుకలు కొరికాయని మొత్తుకుంది. నాకు అది చాలు. బట్టలుతికే బండ ఎక్కి గోడ మీదుగా కేకేశాను.

"ఖాలా! ఎలుకల మందు పెట్టినవా?"

"లేదు బేటీ, కసమ్. బోను పెట్టిన. ఇగో, గీడనే ఉన్నది చూడు."

"మరి గాలి పీల్చి సచ్చినయా? గుడ్డముక్క కొరికిందని ఇన్ని పానాలు తీస్తవా?"

ఆమె బోను చేత్తో ఎత్తి చూపిస్తూనే ఉంది. నేను చూడలేదు. నా గొంతు గల్లీ చివరి దాకా పోతుంది. పదిమంది చేరారు. అందులో ఒకామె, నాతో ఎప్పుడూ పొసగని ఆమె, నా పక్కకు వచ్చి నిలబడి, "వాళ్లంతేనమ్మా, వాళ్లకు పానమంటే లెక్కుండదు" అంది. నేను ఏకవచనంలో తిట్టాను. సాయంత్రానికి గల్లీ దాన్ని బహువచనం చేసింది. ఆ మాట విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. కానీ అప్పటికే అరిచి అరిచి అలిసిపోయి ఉన్నాను, ఊరుకున్నాను. ఇలా ఊరుకోవడం నాకు అలవాటు లేని పని. ఆ రోజే నేర్చుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత సామాన్ల గది ఊడుస్తుంటే విత్తనాల పొట్లం దొరికింది. పొలంలో విత్తగా మిగిలిన సగం పొట్లం మా ఆయన తెచ్చి అక్కడ పెట్టాడు. ఇప్పుడు ఖాళీగా ఉంది. వెనకవైపు సన్నటి అక్షరాలు: మందు కలిపిన విత్తనం, మనుషులకు గానీ పశుపక్ష్యాదులకు గానీ పెట్టరాదు.

"గీ పొట్లంల ఇత్తులేవి అత్తమ్మా?"

"ఇత్తంగ మిగిలినయి పిట్టల పాలు గద. పిట్టలకే ఏసిన."

"ఎర్రగ లేవా?"

"ఉండె. నిన్ను అడగలే? ఎర్రగున్నయేంది పిల్లా అంటే, రంగే అత్తమ్మా, కడిగితే పోతది అంటివి. మూడు నీళ్లు కడిగిన."

అన్నాను. గుర్తొచ్చింది. కాలేజీకి ఆలస్యమవుతోంది, జడ వేసుకుంటున్నాను, వెనక్కి తిరిగి చూడకుండానే అన్నాను.

మా అత్తమ్మ వాళ్లింట్లో ఒక పద్ధతి ఉంది. విత్తనానికని తీసిన గింజ మళ్లీ వంటింటికి రాకూడదు. మిగిలింది పిట్టల వాటా. వాళ్ల కాలంలో విత్తనాలకు బూడిద పట్టించి, వేపాకు కలిపి దాచేవారు. మిగిలినవి కడిగి చల్లేవారు. గింజకు ఏది అంటుకున్నా నీళ్లతో పోతుందని ఆమెకు డెబ్బై ఏళ్ల అనుభవం. ఆమె తప్పేమీ లేదు, అనుమానం వచ్చి అడిగింది కూడా. పురుగుమందులు పక్షులను ఎలా చంపుతాయో పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేదాన్ని నేను.

"ఏమైంది పిల్లా?" అంది.

"ఏం లేదు" అన్నాను. పొట్లం మడిచి కొంగులో పెట్టుకున్నాను.

నిజం ఎందుకు చెప్పలేదంటే, ముసలామె తట్టుకోలేదని. తన చేత్తో పోసిన గింజలతో చచ్చాయని తెలిస్తే ఆమె అన్నం ముట్టదని. చాలా ఏళ్లు నాకు నేను ఇదే చెప్పుకున్నాను. సగం నిజమే. మిగతా సగం, బండ ఎక్కి అరిచిన మనిషి అదే బండ ఎక్కి తప్పయిందని చెప్పాలి. అది నా వల్ల కాలేదు.

ఆ దీపావళికి మా గల్లీ ఆడవాళ్లు జాకెట్లు బస్టాండు దగ్గరి కొట్టులో కుట్టించుకున్నారు. ఖాలా మిషన్ చప్పుడు మధ్యాహ్నానికే ఆగిపోయేది. నేను నాలుగు జాకెట్లు ఇచ్చాను. ఆమె ఒక్క మాట అనకుండా కుట్టింది, ఒక్క చోట కూడా వదులు లేదు. అత్తమ్మ ఉట్టి విప్పేసింది. అడిగితే, "మోకాళ్లు గుంజుతున్నయ్, పొద్దున్నే లెవ్వ చాతనైతలేదు" అంది. గోడ దగ్గర మాటలూ తగ్గాయి. పిచ్చుకలు ఆ ఏడు మళ్లీ రాలేదు.

అత్తమ్మ పోయాక, పదకొండో రోజు కాగానే, ఖాలా ఇంటికి వెళ్లాను. దాచడానికి సాకు మిగల్లేదు. ఆమె జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. నిలబడే మొత్తం చెప్పాను. పొట్లం, రంగు, నేనన్న మాట, అన్నీ. ఆమె దారం పంటితో తెంపింది.

"నాకు ఎర్కనే బేటీ."

"ఎట్ల ఎర్క?"

"మీ అత్తమ్మనే వచ్చి చెప్పిపాయె. గా దీపావళి ముందట్నే. నువ్వు కాలేజికి పొయ్యినంక, గోడ పట్టుకుంట పట్టుకుంట వచ్చింది."

"ఏమన్నది?"

"ఇత్తుల సంగతి చెప్పింది. మా కోడలు సదువు చెప్పే మనిషి, నలుగుట్ల నవ్వులపాలైతది, నువ్వు ఏమనుకోకు, ఎవ్వలకు అనకు అన్నది."

"నువ్వేమన్నవు?"

"ఏమంట? సరే అన్న. కూసో, చాయ్ పెడ్త."

నేను కూర్చోలేదు. నేను "ఏం లేదు" అన్న క్షణమే అత్తమ్మకు అంతా అర్థమైందన్నమాట. ఆమెను కాపాడుతున్నానని నేననుకున్నన్ని రోజులూ ఆమె నన్ను కాపాడింది. అందుకు ఖర్చు పెట్టింది మాత్రం పక్కింటామె పేరును. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు కష్టంగా ఉంది, ఎందుకంటే అత్తమ్మంటే నాకు ప్రేమ.

"ఏమనుకోకు" అనే మాటను ఆమె ఎలా అంటుందో నాకు తెలుసు. పొలంలో కూలికి వచ్చినవాళ్లతోనూ అనేది, చుట్టాలతోనూ అనేది. మాట అదే. కొన్నిసార్లు అది బతిమాలడం, కొన్నిసార్లు హుకుం. ఎదుటి మనిషి ఎవరన్న దాన్ని బట్టి గొంతు మారేది. ఆ రోజు ఏ గొంతుతో అందని ఖాలాను రెండుసార్లు అడిగాను. "పాత ముచ్చట, ఇడిసెయ్యి బేటీ" అంటుంది. నేను విడిచిపెట్టే రకం కాదు. మాకు పట్టా భూమి ఉంది, ఇంటినిండా మనుషులున్నారు. ఆమె కిరాయి ఇంట్లో ఒక్కతే, గల్లీ అంతా అప్పటికే మొహం తిప్పుకుంది. ఆ గడప దగ్గర మా అత్తమ్మ నిలబడి అడిగినప్పుడు, కాదనాలని ఖాలాకు ఉన్నా, కాదు అనే వీలు ఆమెకు ఉండిందా?