మామ పెంచిన ఏడో నంబరు టమాటా

మా పై పోర్షన్ మామ పోయాడన్న కబురు వచ్చేసరికి నేను ఉప్పల్ చౌరస్తా దగ్గరి జిరాక్స్ షాపులో ఎవరిదో ఆధార్ కార్డు కాపీ తీస్తున్నాను. అత్త ఫోన్‌లో ఒక్క మాటే అంది. "మామ లేడు బిడ్డా." పొద్దున ఛాతీలో నొప్పి అంటే ఆటోలో దవాఖానాకు తీసుకుపోయారట. లోపలికి పోయిన మనిషి మళ్ళీ మాట్లాడలేదట. నేను మెషీన్ ఆపడం మరిచిపోయాను. ఒకటే మొహం, కాపీ మీద కాపీ, వచ్చి కింద పడుతూనే ఉంది.

ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి మూడు నెలలుగా నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాను. పొద్దున మెట్ల మీద ఎదురుపడితే సాయంత్రం చెబుదామనుకునేదాన్ని, సాయంత్రమైతే రేపు. ఆ మాట వినకుండానే ఆయన వెళ్ళిపోయాడు. తప్పు నాది, కోపం మాత్రం ఆయన మీద.

మామ మాకు చుట్టం కాదు. జనగామ వైపు మనిషి. నాచారంలో ఒక ఇంజనీరింగ్ కంపెనీలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. మేం మధ్య పోర్షన్‌లో అద్దెకు దిగిన రోజు మా గ్యాస్ సిలిండర్ తానే భుజాన వేసుకుని మెట్లెక్కాడు. అప్పటి నుంచి ఆయన మామ, ఆవిడ అత్త, నేను కోడలు. షాపు నుంచి రాగానే డాబా మీదికెళ్తే ఒకటే పలకరింపు: "ఇయ్యాల ఏ సర్కారును కూలగొట్టినవే కోడలా?"

డాబా నిండా పెయింటు బకెట్లు, వాటిలో టమాటా చెట్లు. ఒక్కో చెట్టుకు బైండింగ్ వైరుతో ఒక అల్యూమినియం బిళ్ళ, దాని మీద పంచ్‌తో కొట్టిన నంబరు. రకాల పేర్లేమిటని మొదటిసారి అడిగాను.

"పేర్లు మస్తుంటయ్. పాకెట్టు మీద హీరోయిన్ లెక్క ఫోటో గూడ ఉంటది. నాకు నంబరు చాలు" అన్నాడు.

నేను ఊరుకుంటానా? డిగ్రీ మధ్యలో ఆపేసినదాన్నే గానీ, షాపుకు కాపీలకు వచ్చే ప్రతి కరపత్రం చదువుతాను. పాడైపోయిన కాపీలు ఇంటికి తెచ్చుకుని మరీ చదువుతాను. నీళ్ళ మీద, భూముల మీద, విత్తనాల మీద. చదివితే ఒంట్లో వేడెక్కుతుంది. మామ చేతిలో ఒక కరపత్రం పెట్టి, నాటు టమాటా మీద ఉపన్యాసం ఇచ్చాను. పండు ఎంత ముదురు ఎరుపైతే అంత లైకోపీన్ అనే ఎర్ర పదార్థం, అంత బలం. మార్కెట్ పండు లారీలో దెబ్బ తగలకుండా ఉండడానికి తోలు మందం చేసిన బంతి. ఇంటి పెరట్లో నాటు గింజ తప్ప ఇంకేదీ పెట్టకూడదు. ఆయన హ్యాక్సా బ్లేడు అరగదీసి చేసుకున్న చాకుతో ఒక పండు కోస్తూ మొత్తం విన్నాడు. విని ఒకటే అడిగాడు.

"బలం అంటున్నవ్. ఎవరికి?"

"ఎవరికేంది మామా? మనుషులకి."

"మనుషులందరికి ఒకటే కడుపు ఉన్నదా?"

మామ రకం ఎంచుకోవడం అక్కడే మొదలయ్యేది. ఎవరైనా నారు అడిగితే ముందు వాళ్ళింట్లో ఎవరెవరున్నారో, ఏం వండుతారో, డాబా మీద ఎండ ఎంతసేపుంటుందో అడిగేవాడు. మా అమ్మ పప్పులో, చారులో వేస్తుందని మాకు ఒకటో నంబరు ఇచ్చాడు. గీతలు గీతలుగా, నోరు గుంజేంత పులుపు. "జరంత నూనెల మంచిగ మగ్గనియ్యి చెల్లె, అప్పుడు నీ బిడ్డ చెప్పే ఎర్ర బలం ఒంటికి పడ్తది" అన్నాడు అమ్మతో. అంటే నా కరపత్రం ఆయనా చదివాడన్నమాట! కింది పోర్షన్ పిల్లలకు గోలీలంతుండే నాలుగో నంబరు. వాళ్ళు పళ్ళెంలో పెడితే తినరు, చెట్టు మీద నుంచి దొంగతనంగా తెంపుకుంటే తింటారు. వండకుండా తింటే సి విటమిన్ దానంతట అదే కడుపులోకి పోతుంది. అందుకని ఆ బకెట్టు మెట్ల పక్కనే పెట్టేవాడు, దొంగలకు అందేట్టు.

నాకు చేతులాగవని ఆయనకు మొదటి వారంలోనే తెలిసిపోయింది. కొత్తగా వచ్చిన మొలక తల మీద ఒక్కోసారి గింజ పొట్టు టోపీలా ఉండిపోతుంది. సాయం చేద్దామని నేను గోటితో లాగాను. మొలక తెగి వేలికి వచ్చింది. "టోపీ గుంజకు కోడలా, తల గూడ వస్తది. దాని టోపీ అదే తీస్తది" అన్నాడు. ఇంకో రోజు గింజ మొలిచిందో లేదో అని మట్టి తవ్వి చూస్తుంటే పట్టుకున్నాడు. "అది లోపల బట్టలు మార్చుకుంటున్నది. తలుపు తియ్యకు."

ఇక ఏడో నంబరు సంగతి.

అది ఒకటే చెట్టు. నీళ్ళ ట్యాంకు పక్కన, పూలగుత్తికి పాత దోమతెర ముక్క చుట్టి ఉండేది. ఇదేమిటని అడిగితే "గది జర స్పెషల్ లే" అన్నాడు. స్పెషల్ అన్న మాట నా చెవిలో ముల్లయింది. ఒక ఆదివారం విత్తన కంపెనీల మీద మీటింగుకు పోయి, మధ్యాహ్నం ఇంటికి వచ్చి బట్టలు తీసుకురావడానికి డాబా ఎక్కాను. ఏడో నంబరు మీద రెండు కాయలు రంగు తిరిగాయి. ఎరుపు కాదు, నారింజ. నా కరపత్రంలో నారింజ రంగు టమాటా గురించి ఒక్క ముక్క లేదు. కరపత్రంలో లేనిది కంపెనీ మాయ కాక ఇంకేమిటి? ఇన్నాళ్ళూ నా మాటలకు తలూపి, చాటున హైబ్రిడ్ పెంచుతున్నాడా? రెండు చేతులతో మొదలు పట్టుకుని పీకేశాను.

మామ మగ్గుతో నీళ్ళు పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. చూశాడు. నేను సిద్ధంగా ఉన్నాను, ఆయన అరిస్తే నేనూ అరవడానికి. ఆయన చెట్టు నా చేతిలోంచి తీసుకుని కింది నుంచి పరీక్షగా చూశాడు.

"ఏర్లు మంచిగ పట్టినయ్" అన్నాడు.

"ఇది హైబ్రిడ్ కాదా మామా? చెప్పు, కాదా?"

"నాటుదో ఏందో నాకు తెల్వదు. నాలుగేండ్ల సంది వేరే పువ్వు సోకకుండ తెర కట్టి దీని గింజ పెడితె మల్ల గిదే పండు, గిదే రంగు వస్తున్నది. పీర్జాదిగూడల నా దోస్తు ఇచ్చిండు. ఆయన పెరడు ఇప్పుడు అపార్టుమెంటు. వేరే కాడ లేదు." కాయలు లెక్కపెడుతూ, "మీ అత్తకు పుల్లటిది తింటె కడుపుల మంట. వేరే టమాటా నోట్ల పెట్టక ఏండ్లయింది. గిదొక్కటే పడ్తది. తినలేని పండుల ఎంత బలముంటే ఏం ఫాయిదా?" అన్నాడు.

చేతుల మట్టి బట్టలకు తుడుచుకున్నాను. తప్పయింది మామా అనడానికి ఎంతసేపు పడుతుంది? అనలేదు.

ఆయన వేర్ల మట్టి దులిపి, చెట్టును తలకిందులుగా మెట్ల కింద నీడలో బైండింగ్ వైరుతో వేలాడదీశాడు. "ఇంగ కొన్ని దినాలు తల్లి పాలు ఇస్తది. కాయలు పండుతయ్" అన్నాడు. రోజూ షాపుకు పోతూ, వస్తూ ఆ చెట్టు కింద నుంచే నడిచాను, తల ఎత్తకుండా. ఆకులు వాడి రాలిపోయాయి. కాయలు మాత్రం మొండిగా, ఒకటొకటిగా, నారింజ రంగుకు తిరిగాయి. ఒక పొద్దున పైనుంచి అత్త గొంతు వినపడింది: "ఏమయ్యా, నూరిన టమాటా తొక్కు మంచిగున్నది. మంట లేదు." నేను ప్లేటులో చెయ్యి పెట్టుకుని అట్లాగే కూర్చున్నాను. అమ్మ, "ఏందే, తినవా?" అని కసిరింది.

ఆ తర్వాత చెప్పడానికి నాకు వేసవి మొత్తం ఉండింది.

పదో రోజు కర్మ అయ్యాక చుట్టాలు వెళ్ళిపోయారు. అత్త మామ టూల్ బాక్స్ తెరిచి, మడత పెట్టిన కాగితం ఒకటి నా చేతిలో పెట్టింది. విప్పి చూస్తే నా కరపత్రమే. నేనే ఆయనకు ఇచ్చినది. వెనక తెల్లగా ఉన్న వైపు గింజలు ఎండి అతుక్కుని ఉన్నాయి. వాటితో పాటు ఏడు అని కొట్టిన బిళ్ళ.

"గింజ తీసిననాడే మిరుగు కార్తెకు పెట్టాలె అన్నడు. నువ్వే పెట్టాలె అన్నడు" అంది అత్త.

"నేనా? పీకింది నేనే కదా అత్తా?"

"గదే చెప్పిన నేను. పీకిన చెయ్యికి పెట్టుడు గూడ రావాలె అన్నడు. మీ మామకు బుద్ధి ఉన్నదా, లేదా, నాకు తెల్వదు. మొలవకపోతె మాత్రం నీకు ఉన్నది నా చేతిల."

అప్పుడు చెప్పాను, తప్పయిందని. అత్త ముక్కు తుడుచుకుని, "నాకెందుకు చెప్తవ్? పోయి నీళ్ళు పట్టు" అంది.

గింజలు కాగితాన్ని వదల్లేదు. గోటితో గీకితే ఒకటి చిట్లింది. చేసేది లేక ఒక్కో గింజ చుట్టూ కాగితాన్ని చింపాను. నేను రాత్రిళ్ళు కంఠతా పెట్టిన వాక్యాలు ముక్కలై చేతిలో మిగిలాయి. ఆ కరపత్రం తప్పని నేను ఇప్పటికీ అనను. గింజ మన చేతిలో ఉండాలి, నిజమే. కానీ ఆ మాట కంఠతా పెట్టింది నేను, గింజ చేతిలో ఉంచుకున్నది ఆయన. మీ డాబా మీద ఏ టమాటా పెట్టాలని ఎవరైనా అడిగితే ఇప్పుడు నేనూ ఆయన అడిగిన ప్రశ్నే అడుగుతాను. ఎవరికి?

మృగశిర మొదటి వాన పడ్డాక కాగితం ముక్కలతో సహా విత్తాను. షాపు నుంచి అత్తకు రోజుకు నాలుగు ఫోన్లు. "వచ్చిందా?" "వస్తే నేను చెప్పనా? ఫోన్ పెట్టు." మూడు రోజులు, నాలుగు, ఐదు. చెట్టు వాడిపోతున్నప్పుడు పండిన కాయల గింజలివి. లోపల ప్రాణం ఉందో లేదో ఎవరికి తెలుసు? ఆరో రోజు తవ్వి చూద్దామని వేలు మట్టి దాకా పోయింది. వెనక్కి తీసుకున్నాను.

ఈ పొద్దున ఒకటి వచ్చింది. ఒకటే. మెడ వంచుకుని ఉంది. తల మీద గింజ పొట్టు, ఆ పొట్టుకు అంటుకుని తడిసిన కాగితం ముక్క, దాని మీద నా కరపత్రంలోని ఏదో అక్షరం సగం. అత్త నా పక్కనే నిలబడి నా చేతుల వైపే చూస్తోంది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నేను దాని ముందు గొంతుక్కూర్చున్నాను.