మొక్కని చెయ్యి

సూరత్ శివార్లలో, సచిన్ అనే ఊరి నుంచి భేస్తాన్ వెళ్తున్న షేర్ ఆటోలో నాకూ పక్కాయనకూ మధ్య ఒక మనిషి చోటు ఖాళీగా వదిలారు. కరోనా రెండో వేవ్ తగ్గుతున్న రోజులు. ఆయన ఫోన్లో తెలుగు మాట్లాడుతుంటే ప్రాణం లేచొచ్చి, మాస్కు వెనక నుంచే నమస్కారం పెట్టాను. ఆయన తల ఊపాడు. చేతులు మాత్రం ఒళ్లోంచి లేవలేదు.

ఊళ్లు పట్టి తిరిగేవాడికి మొహమాటం ఉండదు. "మన భాషవాడికి నమస్కారం కూడా బరువేనా?" అనేశాను.

"తప్పు పట్టకుండ్రి సారు. ఈ చెయ్యి మొక్కదు." కుడి మణికట్టు మీద పొడుగాటి మచ్చ చూపించాడు.

పేరు సోమలింగం. సిరిసిల్ల పక్క పల్లె. మీసాలు రాకముందే సూరత్ వచ్చి సాంచాల మీద పనికి కుదిరాడు. మరమగ్గాన్ని వాళ్లు సాంచా అంటారు. కొన్నేళ్లకు మణికట్టులో ఒక చిన్న ఎముక నెత్తురు అందక ఎండిపోయింది. తెగిన పోగు ముడేస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగేవట. డాక్టరు రెండు దారులు చెప్పాడు: నొప్పితోపాటు వంగే చెయ్యి, లేదంటే నొప్పి లేకుండా ఇక ఎన్నటికీ వంగని చెయ్యి.

"మా ఎల్లవ్వ అన్నది, వంగకుంటే వంగకపోయె, మనం ఎవనికి వంగాలె అని."

ఎల్లవ్వ ఆయన భార్య. ఆమె మాట మీదే ఎముకలన్నీ ఒకటి చేసి స్టీలు పట్టీ బిగించారు. మణికట్టు అన్న మాట పుట్టించినవాళ్లు మణులు కట్టుకునే తాహతున్న వాళ్లే అయ్యుండాలి.

ఏళ్లు గడిచినా నొప్పి తిరిగి రాలేదు. ముడి పడింది, సాంచా నడిచింది, మోచెయ్యి ఎత్తితే బువ్వ నోటికందింది. ఒక్కటే కుదరలేదు. అరచేతులు రెండూ నిటారుగా కలవాలంటే రెండు మణికట్లూ వెనక్కి వంగాలి. ఎన్ని గుళ్లు తిరిగానో, చేతులు జోడించిన రాతి భక్తుల్ని ఎందర్ని చూశానో. వాళ్ల మణికట్ల వైపు ఎన్నడూ చూడలేదు.

"గుళ్లె మొక్కబోతే అడ్డం దాకి చప్పుడయ్యేది సారు. 'ఏందయ్యా, దేవునికి తాళం గొడుతున్నవా?' అని ఎల్లవ్వ ఒకటే నవ్వేది. 'నువ్వు ఊకో, ఇద్దరిది నేనే మొక్కుత' అన్నది. అప్పటిసంది ఆమె మొక్కుడు, నేను పక్కకు నిలవడుడు."

మొన్న ఏప్రిల్లో ఎల్లవ్వ కరోనాతో పోయింది. శ్మశానంలో ముట్టుకోనివ్వలేదు, మొహం చూపలేదు. అడ్డంగా కట్టిన తాడుకు ఇవతల నిలబెట్టి, ఒళ్లంతా ప్లాస్టిక్ తొడుక్కున్న మనిషి, "చాచా, హాథ్ జోడ్ లో, బస్" అన్నాడట, చేతులు జోడిస్తే చాలని.

"మొక్కుదమని చూసిన సారు. టప్పుమన్నది. ఆడున్నోళ్లంత నా దిక్కు చూసిన్రు. పెండ్లాం వోతే చప్పట్లు గొడుతున్నడనుకున్నరో ఏమో. చేతులు కిందికి దించిన. గంతట్లనే ఆమెను లోపలికి తీస్కపోయిన్రు."

నొప్పి ఎలా ఉందని అడిగాను.

"చెయ్యికైతే లేదు. ఆపరేషన్ మంచిగనే అయింది."

భేస్తాన్లో ఆటో ఆగింది. కరచాలనాలు మానేసిన ఆ ఏడాది అలవాటు, నా చేతులు వాటంతటవే కలిశాయి. సోమలింగం వాటినే కాసేపు చూశాడు. దిగి, కుడిచెయ్యి జేబులో పెట్టుకొని, మిల్లు గోడ పక్కగా నడిచి వెళ్లిపోయాడు.