రేడియేటర్‌లో రొయ్యల వైద్యం

ఆ రోజుల్లో (అంటే మరీ తాతల కాలమేమీ కాదు, ఫోన్‌లో వీడియోలు చూసి ఇంటికొక డాక్టరూ వీధికొక ఇంజనీరూ తయారవుతున్న రోజులే) నా దగ్గర మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా ఉండేది, ఉద్యోగం ఉండేది కాదు. పట్టా ఉన్నవాడికి ఇంజను గురించి ఏమీ తెలియకపోవచ్చునన్న అనుమానం మా భీమవరం వైపు ఇంకా ఎవరికీ రాలేదు. అందుకని మా బాబాయి ఓ పాత డీజిల్ బస్సు కొని, రాజమండ్రిలో ఒక షెడ్డులో వెనక సీట్లన్నీ పీకించి, రెండు మంచాలూ, గ్యాస్ పొయ్యీ, సింకూ, బాత్రూమూ పెట్టించి దాన్నొక ఇల్లుగా మార్పించినప్పుడు, దాని ఇంజను ఆరోగ్యం చూసుకోవడానికి నన్నే పిలిచాడు. "నువ్వు చదివింది ఇదే కదరా?" అన్నాడు. నేను చదివింది ఏమిటో నాకే అప్పటికి సరిగ్గా తెలియదు. "ఆయ్, ఇదే బాబాయ్" అన్నాను.

ఆ బస్సు బాబాయి సరదా కోసం కొన్నది కాదు. మా పిన్ని కోసం. పిన్ని ఎక్కడికి రమ్మన్నా "నాకు పడదు నాన్నా" అనేది. తప్పనిసరి పెళ్ళిళ్ళయితే ముందు రోజు నుంచే నీళ్ళు తాగడం మానేసి, తాళి కట్టీ కట్టకముందే తలనొప్పితో ఇంటికొచ్చి పడుకునేది. పిన్నికి శుభ్రం ఎక్కువ, పరాయి బాత్రూములో కాలు పెట్టదు, అని ఇంటిల్లిపాదీ నవ్వుకునేవాళ్ళం. (ఆ నవ్వుల్లో నాది కాస్త గట్టిగానే వినబడేది.) అలాంటి పిన్ని బస్సెక్కి, బాత్రూం తలుపు తీసి, కుళాయి తిప్పి చూసి, ఫ్లష్ నొక్కి చూసి, గడియ వేసి తీసి, మళ్ళీ వేసి చూసింది. చివరికి, "వస్తానండి. ఒక్కసారి వస్తాను. దారి మధ్యలో ఆగిపోయి నన్ను నలుగురిలో నిలబెట్టారంటే మాత్రం, ఇంక జన్మలో ఎక్కడికీ రమ్మని అడక్కండి" అంది. బాబాయి ముఖం తెల్లబోయింది. ఆ తెల్లబోయిన ముఖంతోనే నా వైపు తిరిగాడు. పెనుగొండలో అమ్మవారి దర్శనం, అక్కణ్ణించి అన్నవరం కొండ అని ప్రయాణం ఖాయమైంది. బండి ఎక్కడా ఆగకూడదు. ఆ భారం నా మీద పడింది.

రేడియేటర్ మూత తీసి చూశాక నాకు మొదటి షాకు తగిలింది. లోపల ఉన్నది నీళ్ళో, తుప్పు చారో చెప్పడం కష్టంగా ఉంది. అదంతా దింపేసి కొత్త కూలెంట్ పోద్దామని బాబాయిని షాపుకి తీసుకెళ్ళాను. షాపతను ఎర్ర డబ్బా ఒకటి, పచ్చ డబ్బా ఒకటి బల్ల మీద పెట్టాడు. నేను ఇంజను పుస్తకం ఫోన్‌లో తెరిచి, ఏ రకం పొయ్యాలో వెతుకుతూంటే బాబాయి ఆగలేదు. "ఎర్రది వద్దురా. నీళ్ళు ఎర్రబడ్డాయంటే చెరువు పోయినట్టే. పచ్చది తీసుకో, నీళ్ళు పచ్చగా ఉంటే బతికున్నట్టు" అన్నాడు. రొయ్యల చెరువుల మీద పాతికేళ్ళ అనుభవం మరి. కూలెంటుకి రంగు చూడకూడదు బాబాయ్, డబ్బా మీద రాసిన రకం చూడాలి, అని నేను వివరించడం మొదలుపెట్టేసరికి మా ఇంజను పుస్తకంలో ఉన్న రకం ఆ పచ్చ డబ్బా మీదే కనబడింది. బాబాయి నా వంక చూసిన చూపు చెప్పతరం కాదు. ఆ క్షణం నుంచే తన చెరువు శాస్త్రం ఇంజనుకీ పనికొస్తుందని ఆయనకి నమ్మకం కుదిరిందని నాకు తరవాత గానీ తెలియలేదు.

"అయినా నేను కుర్రతనంలో చేపల లారీ తోలినప్పుడు కాలవ నీళ్ళు పోసుకుంటూ కలకత్తా దాకా పోయేవాణ్ణి. ఈ రంగు నీళ్ళు దేనికిరా?" అన్నాడు ఇంటికొచ్చాక. నేను గొంతు సవరించుకున్నాను. ఇది చల్లబరచడానికే కాదండి, లోపల తుప్పు పట్టకుండా కాస్తుంది, తొందరగా మరగదు, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ సగం, ఇది సగం కలపాలి, కుళాయి నీళ్ళు పొయ్యకూడదు, ఇంజను చల్లగా ఉన్నప్పుడే మట్టం చూడాలి, అప్పుడప్పుడూ దాని బలం పరీక్ష చెయ్యాలి... బాబాయి ఆవలించాడు. ఆవలింత చూసి నాకు పౌరుషం వచ్చింది. "పోనీ మన చెరువు నీళ్ళనుకోండి బాబాయ్. చెరువు నీళ్ళని ఎలా కనిపెట్టుకుని ఉంటామో, దీన్నీ అలాగే చూసుకోవాలి" అన్నాను. బాబాయి కళ్ళు ఒక్కసారిగా వెలిగాయి. "అలా చెప్పు మరి!" అని నా భుజం తట్టాడు. ఎంత కష్టమైన విషయాన్నయినా ఎదుటివాడికి అర్థమయ్యేలా చెప్పగలిగిన నా తెలివికి ఆ రాత్రి నేనే మురిసిపోయి, అన్నం రెండోసారి వడ్డించుకున్నాను.

ప్రయాణం రోజు రానే వచ్చింది. మా ఊళ్ళో బోరు నీళ్ళు ఉప్పన కాబట్టి, బాత్రూం ట్యాంకులో కూడా తాగే ప్లాంటు నీళ్ళే పట్టించాలని పిన్ని పట్టుబట్టింది, పట్టించాం. బాబాయే తోలాడు. పెనుగొండలో దర్శనం అయింది. వంతెన మీద గోదావరి దాటాం. రాజమండ్రి దాటాక పిన్ని బండి ఆపించి మా కోసం కాఫీ కలిపింది. పిన్ని వెనక్కి వెళ్ళి బాత్రూం తలుపు వేసుకున్న చప్పుడు, తీసిన చప్పుడు వినిపించినప్పుడల్లా బాబాయి నా వైపు చూసి గర్వంగా తలాడించేవాడు. నేను మాత్రం టెంపరేచర్ గేజీ మీంచి కళ్ళు తిప్పలేదు. ముల్లు బుద్ధిగా మధ్యలోనే ఉంది. అన్నవరం కొండ ఎక్కడం మొదలుపెట్టేదాకా బుద్ధిగానే ఉంది.

మొదటి మలుపు తిరిగేసరికి ముల్లు కదిలింది. రెండో మలుపులో ఎర్రగీత దాటింది. "బాబాయ్, ఆపండి!" అని నేను అరవడమూ, ముందు నుంచి బుస్సుమని ఆవిరి లేవడమూ ఒకేసారి జరిగాయి. బస్సు రోడ్డుకి సగం అడ్డంగా ఆగిపోయింది. బాబాయి కంగారుగా దూకి రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోతే గట్టిగా పట్టుకుని లాగేశాను (ఆ రోజు మొత్తం మీద నేను చేసిన ఇంజనీరు పని అదొక్కటే). చల్లారేదాకా ఆగి, గుడ్డ కప్పి, మెల్లగా మూత తిప్పి లోపలికి చూశాను. పచ్చగా నిగనిగలాడాల్సిన కూలెంట్‌లో తెల్లటి గడ్డలు, విరిగిన పాలల్లే తేలుతున్నాయి.

"ఏంటి బాబాయ్ ఇది?"

"మినరల్సురా."

"ఏం మినరల్సు?"

"చెరువుకి వేసేవే. నువ్వు పరీక్ష చెయ్యమన్నావు కదా, చెరువు నీళ్ళు చూసే మన కిట్టు పెట్టి చూశాను. పీహెచ్ బాగానే ఉంది గానీ, అందులో కాల్షియం సున్నారా బాబూ! మెగ్నీషియం సున్నా! నాకు మతిపోయింది. అలాంటి నీళ్ళలో వేస్తే రొయ్యకి పెంకే కట్టదు, ఇంజను ఏం బతుకుతుంది? నిన్ను కంగారు పెట్టడం ఎందుకని రోజూ పొద్దున్నే ఓ గుప్పెడు నేనే వేస్తున్నాను."

అందులో కాల్షియం ఉండకూడదనే కదా బ్యాటరీ నీళ్ళు పోసింది! రేడియేటర్‌లో సన్నటి గొట్టాలుంటాయి, వాటినిండా ఇప్పుడు రొయ్యల మందు పేరుకుపోయి ఉంటుంది. పరీక్ష పెట్టడం దాకా బాబాయి చేసిందంతా సవ్యమే. మందే తిరగబడింది. ఆ మందు వేయించిన ఉపమానం నాదే. చేసేది లేక, లోపలున్నదంతా వదిలేసి, మంచి నీళ్ళతో రెండు మూడుసార్లు కడిగి, మిగిలిన డబ్బా కూలెంట్ పోద్దామన్నాను. నీళ్ళెక్కడివి? బాత్రూం ట్యాంకులో ఉన్నాయి, ప్లాంటు నీళ్ళు కాబట్టి కడగడానికి పనికొస్తాయి. బకెట్టు పట్టుకుని వెనక తలుపు దగ్గరికి పరుగెత్తాను.

అక్కడ నాకు ఇంకో షాకు. మా బస్సు అడ్డం ఉండడంతో వెనకొచ్చిన వ్యాను ఒకటి ఆగిపోయింది. ఉప్పాడ వైపు నుంచి మొక్కు తీర్చుకోడానికి బయల్దేరిన మత్స్యకారుల ఆడవాళ్ళు దాన్నిండా ఉన్నారు. వాళ్ళలో ఒక పెద్దావిడ పిన్నితో, "అమ్మా, లోపల బాత్రూం ఉందంటగదండి. మా కోడలికి ఏడో నెలండి. పొద్దుటేల నుంచీ బిగబట్టుకు కూచుందండి" అంటోంది. సొంత చెల్లెలు వాడినా వెనకాలే ఫినాయిలు పట్టుకుని వెళ్ళే మా పిన్ని ఏమంటుందోనని నేను బిగుసుకుపోయాను. పిన్ని ఆ పిల్ల చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి, "నిదానంగా రా అమ్మా, తొందరేం లేదు" అని గడియ ఎలా వెయ్యాలో చూపించింది. తరవాత ఇంకొకావిడ వచ్చింది. ఆ తరవాత వ్యాను మొత్తం వరస కట్టింది. నేను బకెట్టుతో నోరు తెరుచుకుని నిలబడ్డాను.

"ఆ బకెట్టు కింద పెట్టు నాన్నా" అంది పిన్ని.

ఈలోగా బాబాయి వగర్చుకుంటూ వచ్చాడు. "ఏంటే ఇది? ఆ నీళ్ళు అయిపోతే ఇంజనుకెలాగ? అది మాడిపోయేలా ఉంది!"

"కాసేపు ఓర్చుకోమనండి" అంది పిన్ని.

"ఎవర్ని?"

"మీ ఇంజన్ని."

బాబాయికి అర్థం కాలేదు. నాకూ కాలేదు. పిన్ని గొంతు పెంచలేదు. "పెళ్ళయిన కొత్తలో మీ చేపల లారీలో తుని తీసుకెళ్ళారు, గుర్తుందాండి? వేడెక్కిందంటూ కాలవ కనబడిన చోటల్లా ఆపి దానికి నీళ్ళు పోశారు. ఆపిన చోటల్లా మగాళ్ళే. మరుగున్న చోట ఎక్కడైనా ఆపండి అని నేను అడిగితే, కాసేపు ఓర్చుకో, తుని వచ్చేస్తుంది అన్నారు. ఎంత సేపటికీ రాలేదండి తుని." అంతే అంది. అని, వరసలో తరవాతావిడకి సబ్బు అందించింది.

మేమంతా ఇన్నేళ్ళూ పడీపడీ నవ్విన శుభ్రం అదన్నమాట. నాకు ఒళ్ళంతా సిగ్గుతో ముడుచుకుపోయింది. బాబాయి ఖాళీ డబ్బాలు రెండు చేత పట్టుకుని, ఆ ఆడవాళ్ళ వ్యాను డ్రైవర్ని బతిమాలుకుని, కొండ కిందికి వెళ్ళి, దొరికినన్ని బ్యాటరీ నీళ్ళు తీసుకుని చెమటలు కక్కుకుంటూ తిరిగొచ్చాడు. వాటితో రేడియేటర్‌ని కడిగీ కడిగీ, చివరికి కూలెంట్ పోసి, నడకలాంటి వేగంతో పైకి చేరాం. దర్శనం బాగా జరిగింది. నేను మాత్రం దేవుణ్ణి ఏమీ అడగలేకపోయాను. పిన్ని పెట్టిన షరతే చెవుల్లో తిరుగుతోంది. బండి ఆగింది. నలుగురిలోనూ నిలబెట్టాం. ఇంక పిన్ని గుమ్మం దాటదు.

కొండ దిగాక బాబాయి, "ఇంక ఇంటికేనా?" అని భయంభయంగా అడిగాడు.

పిన్ని ముందు సీట్లో నా స్థానంలో కూర్చుని ఉంది. "ఇక్కణ్ణించి తుని ఎంత దూరమండి?" అంది.

"దగ్గరే."

"అయితే అటు పోనివ్వండి. అప్పుడు కళ్ళు మూసుకుని కూచున్నాను. ఊరెలా ఉందో చూడనే లేదు." అని, సీసా మూత తీసి గ్లాసునిండా నీళ్ళు పోసుకుని, కిటికీలోంచి చూస్తూ తీరిగ్గా తాగింది. ప్రయాణంలో పిన్ని నీళ్ళు తాగడం నేను చూడ్డం అదే మొదలు. బాబాయి గేరు మార్చడం మరిచిపోయాడు.

ఇప్పుడు నేను బస్సుల ఇంజన్లు చూసుకునే ఉద్యోగంలోనే ఉన్నాను. కూలెంట్ గురించి ఎవరికి చెప్పినా ఉన్నదున్నట్టు చెబుతాను, దేనితోనూ పోల్చను. బాబాయి ఆ బస్సుకి రెండేళ్ళకోసారి కూలెంట్ మార్పిస్తాడు, రొయ్యల కిట్టుని దాని దరిదాపులకి రానివ్వడు. పిన్ని పిఠాపురం వెళ్ళొచ్చింది, ఇంకా చాలా చోట్లకి వెళ్ళొచ్చింది. దారిలో ఆడవాళ్ళెవరైనా ఇబ్బందిగా నిలబడి కనిపిస్తే బండి ఆపిస్తుందట. నా కార్లో ఎవరు ఆపమన్నా నేను ఎందుకని అడగకుండా ఆపుతాను. అప్పుడప్పుడు ఆ కొండ మీది కుర్రాడు గుర్తొస్తాడు. కొత్త పట్టాతో, దారి పొడవునా కన్నార్పకుండా గేజీ చూస్తూ కూచున్నాడు పాపం, వెనక ఎవరు ఎలా ఉన్నారో ఒక్కసారి తిరిగి చూడలేదు. వాణ్ణి తలచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది, ఆ నవ్వు మాత్రం మునుపటంత గట్టిగా రాదు.