చెత్త కంపెనీవాళ్ళకు ఉగ్గాని

తొంభైల్లో మేము తార్నాకలో ఉండేవాళ్ళం. మా వీధి చివర, యూనివర్సిటీ ప్రహరీగోడను ఆనుకుని సర్కారు స్థలం ఒకటి ఉండేది. చుట్టూ తుమ్మచెట్లు, బండరాళ్ళు, మధ్యలో కాస్త చదును. ఎండ తగ్గగానే అమ్మ చింతపండో వెల్లుల్లో చేటలో వేసుకుని అక్కడికి బయల్దేరేది. పక్కనే ఉన్న మాణికేశ్వర్ నగర్ బస్తీ ఆడవాళ్ళూ వచ్చేవాళ్ళు. నాన్న ఉద్యోగం కోసం అనంతపురం వదిలి వచ్చిన అమ్మకు ఈ ఊళ్ళో స్నేహితులంటే వాళ్ళే. చీకటిపడేదాకా ఒకటే కబుర్లు, ఒకటే నవ్వులు. ఇంట్లో అమ్మ అలా నవ్వగా నేను చూడలేదు.

ఆ స్థలాన్ని ఒక చెత్త కంపెనీకి అమ్మేస్తున్నారని తెలిసింది. ఊళ్ళోని చెత్తంతా లారీల్లో తెచ్చి అక్కడ పోస్తారట. ఎవరికీ పనికిరాని జాగా అన్నారట సర్కారు ఆఫీసులో. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరికీ పనికిరాదా? ఒక్క సాయంత్రమైనా వచ్చి చూశారా వీళ్ళు? అమ్మ మాత్రం అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతూ ఉండిపోయింది.

కంపెనీ ఆఫీసర్లు స్థలం చూడటానికి వస్తున్నారని తెలిసి, ఆ పొద్దున అందరం అడ్డంగా కూర్చున్నాం. అమ్మకు ప్రాణస్నేహితురాలైన మాణికేశ్వర్ నగర్ అక్కే మా లీడరు. ఆమె హుకుం ఒక్కటే.

"గాళ్ళకు మంచినీళ్ళు గూడ ఇయ్యొద్దు. ఎండకు మాడి వాళ్ళే వాపస్ పోతరు."

నాన్న 'అమ్మకం ఆపాలి' అని రాసిన అట్టముక్క పట్టుకుని నిలబడ్డాడు. అమ్మ మా అందరికీ గంపెడు ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు చేసుకొచ్చింది. నానబెట్టిన బొరుగులకు తాళింపు పెట్టే ఈ టిఫిన్‌ను మా సీమవాళ్ళు ఏ ఊరెళ్ళినా వదలరు.

అంతలో జీపు వచ్చింది. పెద్దాఫీసరు దిగి, చెమట తుడుచుకుంటూ గంప వైపు చూశాడు. చూశాడంతే! అమ్మ ఆయన చేతిలో ప్లేటు పెట్టేసింది.

అక్క లేచి నిలబడింది. "గిదేంది వదినా! దుష్మన్లకు బజ్జీలు పెడ్తున్నవా?"

"వాకిట్లోకి వచ్చినోళ్ళు ఆకలితో చూస్తాంటే నేనెట్ల తినేదిమే?"

"గిది నీ వాకిలా?"

"కాకపోతే ఎవురిది?"

ఆఫీసరుకు పొలమారింది. అమ్మ మంచినీళ్ళు కూడా ఇచ్చింది. అక్క నెత్తి కొట్టుకుంది.

ఆయన గొంతు సర్దుకుని అడిగాడు. "మీకు ఇల్లున్నది గదమ్మా, ఈ జాగా ఎందుకు?"

"ఇల్లుంటే సరిపాయెనా నాయనా? ఈయన పేపర్లోంచి తలెత్తడు. పిల్లోళ్ళు టీవీ ముందు నుంచి లెయ్యరు. నేనెవురితో మాట్లాడల్ల? గోడలతోనా?"

అందరూ గొల్లున నవ్వారు. నాన్నా నేనూ తప్ప. నాన్న అట్టముక్కను మెల్లగా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆఫీసరు ఇంకేమీ అడగకుండా తినేసి, జీపెక్కాడు.

కొన్నాళ్ళకు అమ్మకం ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఎవరూ చెప్పలేదు. బజ్జీల వల్లేనని అక్క ఊరంతా చాటింది, నీళ్ళు కూడా ఇవ్వొద్దన్నది తానే అయినా!

ఆ కబురు తెలిసిన సాయంత్రం నాన్న పేపరు మడిచి ఇంట్లో పెట్టి, అమ్మ వెనకే వెళ్ళి బండ మీద కూర్చున్నాడు. ఆడవాళ్ళు కొంగులు సర్దుకుని మాటలు ఆపేశారు. మర్నాడూ అంతే. ఆ మర్నాడు కూడా నాన్న బుద్ధిగా వెల్లుల్లి ఒలుస్తూ కూర్చుంటే, అమ్మ ఇక తట్టుకోలేకపోయింది.

"మీరు ఇంటికి పోయి పేపరు చదువుకోపోండి సామీ. మేము మాట్లాడుకోవల్ల."