మా ఆయన వేసిన కుందా అతుకు

మా ఆయన పోయిన పదో దినం నాడు నీళ్లు కాచడానికి కట్టెలు చాలలేదు. అటక మీద చెయ్యి పెడితే పాత ధోవతి గుడ్డలో చుట్టిన కర్ర దొరికింది. విప్పకముందే అదేమిటో తెలిసింది. పటేలు తుపాకి కుందా, భుజానికి ఆనించే వెనక కర్ర. నాలుగేళ్ల కింద, చైనా యుద్ధం వచ్చిన యేడు, మా వాకిట్లో విసిరేసిన ముక్క. నా ఒళ్లు మండింది. తీసుకుపోయి పొయ్యిలో దూర్చాను.

అది ఇంకా అంటుకోలేదు. విరిగిన కొస నుంచి చుయ్యిమని నూనె బుడగలు వచ్చాయి. కర్రలోంచి నూనె ఏమిటి? చప్పున బయటికి లాగాను.

మా ఆయన పేరు దశరథం. వడ్ల పని, అంటే వడ్రంగం. ధర్మపురికి ఆరు కోసుల దూరంలో ఉన్న మా ఊళ్లో నాగళ్లు, బండి గిల్లలు, పెండ్లి పీటలు ఆయన చేతివే. తక్కువ మాట్లాడే మనిషి. పని నచ్చితే చెక్క మీద బొటనవేలితో ఒకసారి రాసేవాడు, అంతే.

ఆ యేడు దసరాకు పదిహేను రోజుల ముందు పటేలు తన జోడు నాలీల తుపాకి, రెండు గొట్టాలది, పంపాడు. వెంట తానూ వచ్చాడు, పక్కన ఆయన మనిషి సారయ్య. తుపాకిని చెయ్యి పట్టే చోట, ఆ సన్నని నడుము దగ్గర, కుందా జానెడు పొడుగు చీలింది.

"దశరథం, జమ్మి కాడ రెండు దెబ్బలు పేల్చుడు మా తాత నాటి ఆనవాయితి. పండుగ దాంక చేసియ్యాలె" అన్నాడు పటేలు.

మా ఆయన ఇనుప సామానంతా విప్పి కర్రను వాసన చూశాడు. "చీలిక అతుకుత పటేలా. కని ముందల ఇనుము కూసునే కాడ కర్ర నూనె తాగి తాగి మెత్తవడ్డది. దానికి అతుకు లేదు. కొత్త కుందా చెక్కాలె."

"కొత్తది పండుగయినంక చూద్దాం. ముందుగాల గిది కానియ్యి."

"అయితే గీ పండుగకు నూనె పొయ్యకుండ్రి. పసుపు బొట్టు సాలు. నాలి కిందికి వెట్టి నిలవెట్టుండ్రి."

సారయ్య పకపకా నవ్వాడు. "వడ్లాయన అయ్యగారయిండు పో! అమ్మోరి పూజకు నూనె వద్దంటుండు!"

పటేలు ఇంటివాళ్లు ప్రతి దసరాకు జమ్మి దగ్గర తుపాకిని మూతి పైకి నిలబెట్టి, నాలీల మీద నువ్వుల నూనె ధార పోస్తారు. ఎంత పోస్తే అంత భక్తి. ఆ నూనె ఇనుము మీద నిలుస్తుందా? కిందికి జారి కర్రలో ఇంకుతుంది. ముప్పై దసరాల నూనె ఆ కుందాలో ఉంది.

నూనె కర్రకు సరేసు బంక పట్టదు. అందుకని మా ఆయన సుద్ద నూరి చీలికలో కూరి ఎండలో పెట్టేవాడు. సాయంత్రానికి సుద్ద నూనె పీల్చి పచ్చగా అయ్యేది. గీకి పారేసి మళ్లీ కూరేవాడు. ఇట్లా ఎనిమిది రోజులు. తొమ్మిదో రోజు సుద్ద తెల్లగా ఉంది. అప్పుడు చీలిక విప్పి కాగిన సరేసు పోసి, తడి నారతో బిగించి కట్టాడు. నాలుగు రోజులు ఎవరినీ ముట్టనివ్వలేదు. తర్వాత అడ్డంగా రెండు వెదురు మేకులు దించి, నున్నగా తీసి, బొటనవేలితో రాశాడు. కళ్లు మూసుకుని తడిమితే చీలిక ఎక్కడో నాకు తెలియలేదు.

దసరా నాడు జమ్మి దగ్గర ఊరంతా ఉంది. తుపాకి మూతి పైకే ఉంది. నూనె కారుతూనే ఉంది. మొదటి దెబ్బకే కుందా విరిగి పటేలు చెంప చీరుకుపోయింది. ఆయన రక్తం తుడుచుకుంటూ నేరుగా మా ఇంటికి వచ్చి ముక్క విసిరాడు.

"నీ చేతులు ఇరుగ! నన్ను సంపుదామనుకున్నవారా?"

మా ఆయన ముక్క తీసుకుని లోపలికి పోయాడు. నూనె మాట చెవులారా విన్నదాన్ని నేను. అయినా ఆ సాయంత్రం నా నోట ఏం వచ్చింది?

"సరేసు సరిగ్గ కాగలేదేమోనయ్యా."

ఆయన నన్ను చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నన్ను కాలుస్తుంది. మర్నాటి నుంచి నాగళ్లు పక్క ఊరి వడ్లాయన దగ్గరికి పోయాయి. ఊరికి ఆయన 'తుపాకి ఇరగ్గొట్టిన దశరథం' అయ్యాడు. పోయిన నాడు పాడె దగ్గర కూడా ఎవడో ఆ మాటే అన్నాడు.

పొయ్యి ముందు కూర్చుని ఆ ముక్కను పైట కొంగుతో తుడిచాను. ఆయన అతుకు అట్లాగే ఉంది. వెదురు మేకులు కదల్లేదు. విరిగింది దానికి రెండు వేళ్ల ముందు, ఇనుము కూర్చునే చోట. ఆ కర్ర నల్లగా, గోటితో గీకితే లేచి వచ్చేంత మెత్తగా ఉంది. ఇది ఆయనకు తెలుసు. తెలిసే దాచాడు. ఎందుకు చెప్పలేదు? ఊరికి కాకపోతే నాకైనా? చెప్పినా నేను నమ్మననుకున్నాడా?

ఎనిమిది రోజులకు దసరా వచ్చింది. ముక్క పట్టుకుని జమ్మి దగ్గరికి పోయాను. సారయ్య అడ్డం వచ్చాడు.

"ముండమోసిన ఆడిది జమ్మి కాడికొస్తదా? ఊరికి అరిష్టం!"

"నాలుగేండ్ల కిందనే తెచ్చిండ్రు మీరు అరిష్టం. జరుగు."

పటేలు కొత్త కుందా తుపాకి గద్దె మీద ఉంది. మూతి పైకే. నూనె కారుతోంది. పక్కనే కమ్మరి ఎల్లేశం తన సుత్తె పూజకు పెట్టి నిలబడ్డాడు. ముక్క ఆయన చేతిలో పెట్టాను.

"మరిదీ, గీ అతుకు ఊడగొట్టు. ఊడితే నా మొగని పేరు నేనే బూడిదల కలుపుత."

ఎల్లేశం పటేలు వంక చూశాడు. తర్వాత సుత్తె తీశాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగో దెబ్బకు వెనక కొస దగ్గర కర్ర పెచ్చు లేచింది గానీ అతుకు విచ్చలేదు.

"ఊడది వదినె" అన్నాడు. ముక్క తిప్పి విరిగిన కొస ఒత్తాడు. వేళ్లకు అంటిన నూనెను అందరికీ చూపించాడు. "ఇరిగింది అతుకు కాదు. గిదిగో, నూనె తాగిన కాడ."

నేను గద్దె వైపు చెయ్యి చూపాను.

"నూనె పొయ్యకుండ్రి అన్నోడు పోయిండు పటేలా. నూనె మీరే పోసిండ్రు, ఇయ్యాల గూడ పోస్తుండ్రు. గీ కుందా ఇరిగితే ఎవ్వలింటి ముందల ఏస్తరు?"

పటేలు చెంప మీది మచ్చ ఎర్రబడింది. నన్ను కొట్టిస్తాడనే అనుకున్నాను. ఆయన గద్దె దగ్గరికి నడిచాడు. నూనె గిన్నె తీసి సారయ్య చేతిలో పెట్టాడు. తుపాకిని ఎత్తి, తన రుమాలుతో నాలీలు తుడిచి, మూతి కిందికి తిప్పి నిలబెట్టాడు. తప్పయిందని అనలేదు. ఆ సంవత్సరం జమ్మి దగ్గర తుపాకి పేలలేదు.

మర్నాడు పొద్దున ఇద్దరు రైతులు, బాగుచేసే మనిషి లేడని తెలిసీ, విరిగిన నాగళ్లు తెచ్చి మా వాకిట్లో దించారు.

"ఆయనుంటే మంచిగుండు వదినె" అన్నాడొకడు.

"ఉన్ననాడు ఎటు వోయిండ్రు?" అని తలుపు వేసుకున్నాను.