వెంకటరత్నం గారి వరండాలో చేసిన కుర్చీ

సుల్తాన్‌పూర్‌లో నేను పనిచేసే ఫ్యాక్టరీకి యంత్రాలు చెక్కపెట్టెల్లో వస్తాయి. మొన్న ఒక పెట్టె మూత ఊడదీస్తుంటే పైన్ చెక్క వాసన గుప్పుమంది. అందరూ లోపలి యంత్రం వైపు చూస్తున్నారు. నాకు మాత్రం పటాన్‌చెరులో మా పక్కింటి వరండా, అక్కడ గోడకానుకుని కూర్చున్న వెంకటరత్నం గారు గుర్తొచ్చారు.

ఆయన గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికొచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. ఒక పెద్ద కర్మాగారంలో, ఇనుము పోత పోయడానికి కావలసిన చెక్క నమూనాలు తయారుచేసేవారు. మేము లక్డారం నుంచి వచ్చి వాళ్ళ పక్కింట్లో కిరాయికి దిగేనాటికే ఆయన చేతులకు వణుకొచ్చి, ఉలి పట్టడం మానేశారు. పనిముట్లకు మాత్రం నూనె రాసి, గుడ్డలో చుట్టి ఉంచేవారు.

ఆ ఏడే ముత్తంగి దగ్గర లారీ గుద్ది మా ఆయన యాదగిరికి నడుము కింద చచ్చుబడింది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి స్నానం చేయించేదాన్ని. ఒకరోజు కుర్చీ జారి ఇద్దరం పడ్డాం. దెబ్బ పెద్దది కాదు. కానీ యాదగిరి గోడవైపు తిరిగి, "ఇగ నాకు తానం వద్దు" అన్నాడు. ఆ తర్వాత ఎంత బతిమాలినా వినలేదు.

"సార్, మంచి వడ్లాయన ఉంటే చెప్పుండ్రి. గట్టి కుర్చీ చేపియ్యాలె" అని వెంకటరత్నం గారిని అడిగాను.

"నువ్వే చెయ్యమ్మాయ్. నేను పక్కన కూర్చుంటాను."

"నాకేమొస్తది సార్?"

"నాకు పనొచ్చు, చేతులు సాగవు. నీకు చేతులున్నాయి."

ఫ్యాక్టరీలో అడిగి పెట్టెల చెక్కలు తెచ్చాను. "ఇది నీళ్ళకు కుళ్ళిపోతుంది. దీని మీద చెయ్యి అలవాటు చేసుకో, కుర్చీకి టేకు చూద్దాం" అన్నారు. కూలగొట్టిన ఇంటి దగ్గర పాత టేకు ద్వారబంధం దొరికితే, కోసే ముందు దాని పొడవునా అయస్కాంతం తిప్పించారు. లోపల విరిగిన మేకు ఉంటే రంపం పళ్ళు పోతాయట.

కుర్చీ సగమయ్యాక నేను తొందరపడ్డాను. ముందు సన్నటి రంధ్రం వేయకుండా, కొసకు దగ్గరగా స్క్రూ బిగించాను. కుర్చీ కాలు నిలువునా చీలింది. నేలమీద కూలబడి ఏడ్చేశాను.

ఆయన ఓదార్చలేదు. చీలికను నా చేతికిచ్చి, "దారివ్వకుండా స్క్రూ దింపితే చెక్క చీలుతుంది" అన్నారు.

"జల్దీ అయితదనుకున్న సార్. ఆయన ఇంట్ల గట్లనే పండుకొని ఉన్నడు."

"తెలుసమ్మా. అందుకే ఇంకో కాలు కొయ్యి."

కోశాను. కాళ్ళు కాస్త బయటికి వాలేలా బిగించి, అడుగున రబ్బరు తొడుగులు వేశాం. ముందు ఆయనే కూర్చుని, అటూ ఇటూ గట్టిగా ఊగి చూశారు. తర్వాత యాదగిరి మంచం దగ్గరికొచ్చి, "నేను కూర్చుని చూశానయ్యా, కదల్లేదు" అన్నారు.

"ఎవరు చేసిన్రు సార్?"

"మీ ఆవిడే."

యాదగిరి నా వైపు తిరిగాడు. "నీళ్ళు పెట్టు" అన్నాడు. ఆ రోజు తనే చెంబుతో నీళ్ళు పోసుకున్నాడు. తలుపు బయట నిలబడి ఆ చప్పుడు వింటూ ఉండిపోయాను.

కొన్నేళ్ళకు వెంకటరత్నం గారు మంచాన పడ్డారు. లేవడానికి ఆసరాగా మంచం పక్కన చెక్క కమ్మీ ఒకటి చేసి బిగించాను. నున్నగా వచ్చిందని నాకు లోలోపల గర్వం. ఆయన వణికే వేళ్ళతో పైన తడిమి తలూపారు. తర్వాత వేళ్ళు కిందికి పోనిచ్చి ఆపేశారు.

"ఇక్కడ అంచు కోసుకుంటోంది."

"మీరు పట్టుకునేది పైన కద సార్?"

"నేను పైన పట్టుకుంటాను. దుప్పటి మార్చేటప్పుడు అనసూయ చెయ్యి పోయేది ఈ కిందినుంచే."

అనసూయ గారు ఆయన భార్య. గుమ్మంలో నిలబడి వింటున్నారు. నేను ఉప్పుకాగితం తెచ్చి, నేలమీద కూర్చుని ఆ అంచు గుండ్రంగా అయ్యేదాకా రుద్దాను. ఆయన మరోసారి తడిమి కళ్ళు మూసుకున్నారు. ఆ వారంలోనే పోయారు.

ఇప్పుడు ఇరుగుపొరుగువాళ్ళు పీటలనీ, అరలనీ నా చేత చేయించుకుంటారు. ఎవరికోసం కావాలో వాళ్ళే చెబుతారు. దాన్ని రోజూ తుడిచేది, జరిపేది, ఎత్తేది ఎవరని నేను అడుగుతాను. ఎందుకని కొందరు నవ్వుతారు. వాళ్ళ చేతుల వైపు ఒకసారి చూసి, అప్పుడు రంపం అందుకుంటాను.